గ్రే స్ట్రీట్ గోడలు, గోడల కింది మనుషులు

డర్బన్ నగరంలో గ్రే స్ట్రీట్ పేరు వినని మనవాళ్లు ఉండరు. 2008లో ఆ వీధికి డాక్టర్ యూసుఫ్ దాదూ వీధి అని పేరు మార్చారు. విక్టోరియా స్ట్రీట్ బెర్తా మ్కిజే వీధి అయింది. క్వీన్ స్ట్రీట్ డెనిస్ హర్లీ వీధి అయింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ స్ట్రీట్ డాక్టర్ గూనం వీధి అయింది. వర్ణవివక్షకు ఎదురు నిలిచినవారి పేర్లు అవి. తగిన గౌరవమే జరిగింది. అయినా మన ఇళ్లలో పెద్దవాళ్లు "టౌనుకు పోయి వస్తాం" అన్నారంటే ఈనాటికీ గ్రే స్ట్రీట్ అనే అర్థం.

ఆదివారం తెలుగు తరగతిలో కలుసుకునే మేము ఏడుగురం కొంతకాలంగా ఆ వీధులను ఫోటోలు తీస్తున్నాము. మాలో ముగ్గురు హైస్కూలు పిల్లలు, ఒక రిటైరైన పెద్దాయన, మిగిలినవాళ్లం ఉపాధ్యాయులమూ ఉద్యోగస్థులమూ. మేము తెలుగు బడిలో నేర్చుకున్నవాళ్లం కాము. సంఘం హాలులో, మడత కుర్చీల మీద కూర్చుని నేర్చుకున్నాము. అందుచేత ఈ వ్యాసంలో భాషాదోషాలు కనిపిస్తే పాఠకులు మన్నించాలి. అయితే మేము చెప్పదలచుకున్నది భాష గురించి కాదు, చూపు గురించి. ఒక పాత పేటను ఫోటో తీయబోయి మేము చేసిన పొరపాటు ఏమిటి, దానిని దిద్దినవారు ఎవరు అన్నదే ఈ వ్యాసవిషయం.

మన పేర్లు లేని గోడలు

ముందుగా ఆ పేట పుట్టుక చెప్పాలి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి వచ్చి డర్బన్ రేవులో ఆగింది. అప్పటినుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నేటాలుకు వచ్చారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవునుంచి ఎక్కినవారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు ఆ ఓడలలోనే వచ్చారు. వారి వెనుక, తమ సొంత ఖర్చుతో టికెట్టు కొనుక్కుని, గుజరాతు ప్రాంతపు వ్యాపారులు వచ్చారు. గ్రే స్ట్రీట్‌లో స్థలాలు కొన్నదీ, కొట్లు కట్టించినదీ ముఖ్యంగా ఈ వ్యాపారులే. జుమ్మా మసీదుకు 1881లో అక్కడ పునాది పడింది. ఒకప్పుడు దక్షిణార్ధగోళంలోకెల్లా పెద్ద మసీదు అని దానికి పేరు. దాని పక్కనే మద్రసా ఆర్కేడ్ ఉంది. మార్కెట్టుకు అవతల ఇమ్మాన్యుయేల్ కెథడ్రల్ ఉంది. మసీదు బాంగు, చర్చి గంట, బస్సు కండక్టరు కేకలు ఒకేసారి వినిపించే చోటు అది.

అక్కడి కట్టడాల తీరు ఒక్కసారి చూస్తే మరచిపోలేము. కింద కొట్టు, మీద కాపురం. కాలిబాట మీదికి చాచిన వసారా, దాన్ని మోసే స్తంభాలు. నెత్తిన పిట్టగోడ మధ్యలో ఎత్తుగా తీర్చిన ముఖభాగం. దానిమీద సున్నంతో పోతపోసిన యజమాని పేరు, కట్టిన సంవత్సరం. మేము మొదట తీసినవి ఇవే. పేర్లు, సంవత్సరాలు, స్తంభాలు, ఇనుప చట్రాల బాల్కనీలు. ఆరు నెలలలో రెండు వందలకు పైగా ఫోటోలు తీశాము. ఒకటి రెండు చోట్ల మేము తీసిన తరువాత ఆ పేర్లు గోడమీదినుంచి రాలిపోయాయి. కాబట్టి ఆ పని వృథా అని ఎవరూ అనలేరు.

అయితే ఆ పేర్లలో మన పేర్లు లేవు. నాయుడు, రెడ్డి, అప్పల్సామి, గోవిందు, మునియమ్మ, ఈ పేర్లు పిట్టగోడలకు ఎక్కలేదు. మనవాళ్లు ఆ పేటకు యజమానులుగా రాలేదు. హోటళ్లలో వెయిటర్లుగా, బట్టల కుట్టుపనివాళ్లుగా, బస్సు డ్రైవర్లుగా, కూరగాయల గంపలతో వచ్చారు. నగరపాలక సంస్థలో వీధులు ఊడ్చినవారు, చెత్తబండ్లు లాగినవారు సోమ్‌సూ రోడ్డులోని మాగజీన్ బారక్సులో ఉండేవారు. వారిలో అధికులు తమిళులు, తెలుగువారు. 1960వ దశకంలో వారిని చాట్స్‌వర్తుకు తరలించి ఆ ఇళ్లు కూల్చివేశారు. మా అవ్వ పుట్టింది ఆ బారక్సులోనే. ఆ ఇంటి ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు.

కూరగాయల బజారు

కూలి ఒప్పందం ముగిసినవారిలో చాలామంది నగరం చుట్టూ పల్లపు భూములు కౌలుకు తీసుకుని తోటకూర, బెండ, వంగ, చిక్కుడు, పచ్చిమిర్చి పండించారు. తెల్లవారకముందే గంపలతో, బండ్లతో విక్టోరియా స్ట్రీట్ ప్రాంతానికి చేరేవారు. 1910లో అక్కడ ఇండియన్ మార్కెట్టు ఏర్పడింది. 1934లో రైతుల బజారు ఇప్పుడు వార్విక్‌లో ఉన్న చోటికి మారింది. అదే నేటి అర్లీ మార్నింగ్ మార్కెట్టు. పాత ఇండియన్ మార్కెట్టు 1973లో అగ్నికి ఆహుతి అయింది. ఇప్పుడు మనం చూసే విక్టోరియా స్ట్రీట్ మార్కెట్టు భవనం 1990లో తెరిచినది. 2009లో అర్లీ మార్నింగ్ మార్కెట్టును పడగొట్టి షాపింగ్ మాల్ కట్టాలని నగరపాలక సంస్థ తలపెట్టింది. భారతీయ వ్యాపారులూ ఆఫ్రికన్ వ్యాపారులూ కలిసి ఎదిరించారు. వారికి న్యాయవాదులు, పండితులు తోడయ్యారు. ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఆ బజారు ఈనాటికీ నడుస్తున్నది.

మా అవ్వ పెళ్లయిన తరువాత విక్టోరియా స్ట్రీట్‌లో ఒక కొట్టు వసారా కింద కూర్చుని కొత్తిమీర, కరివేపాకు కట్టలు అమ్మేది. పోలీసు వస్తున్నాడని ఎవరైనా కేక వేస్తే గంప నెత్తిన పెట్టుకుని పక్క సందులోకి పోయేదట. ఇది మేము అమ్మ నోట విన్నదే తప్ప చూసినది కాదు. ఆ వీధి ఫోటోలు పాతవి ఎన్నో ఉన్నాయి. వాటిలో కట్టడాలున్నాయి, ట్రాములున్నాయి, మోటారు కార్లున్నాయి. వసారా కింద ఉన్నది మాత్రం చీకటే.

ఈ చీకటికి కారణం కెమెరా పట్టినవారందరికీ తెలుసు. ఎండ పడిన తెల్లని గోడకూ, వసారా కింది నీడకూ మధ్య తేడా చాలా ఎక్కువ. ఫిల్ము అయినా, ఇప్పటి డిజిటల్ కెమెరా అయినా, ఆ రెంటినీ ఒకేసారి పట్టడం కష్టం. గోడకు వెలుతురు సరిపెడితే కింది మనిషి నల్లని మచ్చ అవుతాడు. మనిషికి సరిపెడితే గోడ తెల్లబారి పేరు కనబడదు. ఏది కావాలో తీసేవాడు నిర్ణయించుకోవాలి. మేము ఆరు నెలలు గోడకే సరిపెట్టాము. ఆ సంగతి మాకు మేముగా తెలియలేదు, ఒకావిడ చెప్పింది.

ఒక ప్రశ్న

ఒక శనివారం ఉదయం బెర్తా మ్కిజే వీధిలో ఒక పాత కట్టడం ముందు నిలబడ్డాము. దాని కింద ఒక జూలూ పెద్దావిడ చేమదుంపలు, వేరుశనగకాయలు చిన్న చిన్న కుప్పలుగా పోసి అమ్ముతున్నది. మా పిల్లలలో ఒకడు ఆమెను కొంచెం పక్కకు జరగమని చేతితో సైగ చేశాడు. స్తంభం అడుగుభాగం కనబడడం లేదని వాడి బాధ. ఆమె జరగలేదు. మమ్మల్ని చూసి, సగం ఇంగ్లీషులో సగం జూలూలో అన్నది: "సర్, మీరు వచ్చినప్పుడల్లా పైకే చూస్తారు. నేను ఇక్కడ ఇరవై రెండేళ్ల నుంచి ఉన్నాను. ఆ గోడ ఒక్కనాడైనా మీకు సావుబోనా చెప్పిందా?"

సావుబోనా అంటే జూలూలో నమస్కారం. మాటకు మాటగా చెప్తే "మిమ్మల్ని చూశాము" అని. ఈ దేశంలో పుట్టి పెరిగిన మేము రోజుకు పదిసార్లు ఆ మాట పలుకుతాము. ఆ ఉదయం ఆమెతో ఒక్కసారి కూడా పలకలేదు.

ఆ మధ్యాహ్నం సంఘం హాలులో టీ తాగుతూ మాలో మాకు వాదన వచ్చింది. రిటైరైన పెద్దాయన, "మన చరిత్ర మిగల్చడానికి పోయాం గాని బజారు ఫోటోలు తీయడానికి కాదు గదా. ఇప్పుడక్కడ ఉన్నవాళ్లు నిన్న మొన్న వచ్చినవాళ్లు," అన్నాడు. ఆయన మాట వెనుక భయం కూడా ఉంది. దాన్ని దాచడం మంచిది కాదు. 1949 జనవరిలో ఆ మార్కెట్టు దగ్గర మొదలైన తగాదా ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య పెద్ద అల్లర్లుగా మారి 142 మంది చనిపోయారు. ఆ రాత్రులలో పిల్లల్ని పరుపుల కింద దాచిన సంగతి ఆయన తల్లి ఆయనకు చెప్పింది. 2021 జులైలో మళ్లీ నిప్పు రాజుకున్నప్పుడు ఫీనిక్సులో ఏం జరిగిందో మనకందరికీ తెలుసు. ఆ తరువాత రెండువైపులా మాటలు బిగుసుకుపోయాయి. కెమెరా ఎత్తి ఒక అపరిచితురాలి ముఖం తీయడం ఆయనకు అంత సులువు కాదు.

అప్పుడు మా విద్యార్థినులలో ఒకామె ఒక ప్రశ్న అడిగింది. "తాతగారూ, మన అవ్వలు ఆ వసారా కింద కూర్చున్నప్పుడు వాళ్లు కూడా నిన్న మొన్న వచ్చినవాళ్లే గదా?" పెద్దాయన సమాధానం చెప్పలేదు. మేమూ చెప్పలేదు. టీ చల్లారింది.

ముగ్గురు గురువులు

ఆ తరువాత మేము కొన్నాళ్లు కెమెరాలు పక్కన పెట్టి, మనకంటె ముందు ఈ పని చేసినవారి ఫోటోలు చూశాము. వారినుంచి నేర్చుకున్నది క్లుప్తంగా చెబుతాము.

రంజిత్ కల్లీ 1925లో ఇసిపింగోలో పుట్టాడు. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న రోజులలో పాత వస్తువుల అమ్మకంలో ఆరు పెన్నీలకు ఒక కోడాక్ కెమెరా కొన్నాడు. తరువాత డ్రమ్, గోల్డెన్ సిటీ పోస్ట్ పత్రికలకు ఫోటోగ్రాఫరయ్యాడు. గ్రూట్‌విల్‌లో నిర్బంధంలో ఉన్న ఆల్బర్ట్ లుతూలీని తీశాడు, మిరియం మకేబాను తీశాడు, పేరు లేని కూలీల్ని తీశాడు. ఆయన చిత్రాలకు సొంతంగా ఒక ప్రదర్శన జరిగింది 2004లో. అప్పటికి ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు. 2017లో కన్నుమూశాడు. ఆయన ఫోటోలలో నాయకుడికీ, బీదవాడికీ ఒకే మర్యాద కనిపిస్తుంది. ఇద్దరినీ సమానమైన ఎత్తునుంచి చూశాడు. ఖరీదైన కెమెరా లేదని బాధపడే మా పిల్లలకు ఆ ఆరు పెన్నీల కథ చెప్పాము.

ఒమర్ బాద్షా 1945లో డర్బన్‌లో పుట్టాడు, గ్రే స్ట్రీట్ పరిసరాలలోనే పెరిగాడు. 1970వ దశకంలో కార్మిక సంఘాలలో పనిచేస్తూ కెమెరా పట్టాడు. 1979లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం 'లెటర్ టు ఫర్జానా'ను ప్రభుత్వం నిషేధించింది. 1982లో ఆఫ్రాపిక్స్ అనే ఫోటోగ్రాఫర్ల సంస్థను స్థాపించినవారిలో ఆయన ఒకరు. గ్రే స్ట్రీట్ గురించిన ఆయన పుస్తకం 'ఇంపీరియల్ ఘెట్టో' 2001లో వచ్చింది. ఆ పుస్తకం చూశాక మా రెండు వందల ఫోటోలు ఖాళీ ఇళ్లలా అనిపించాయి. ఆయన కట్టడాన్ని తీయడానికి పోలేదు. కట్టడంలో బ్రతికినవారి దగ్గరికి పోయాడు. మేడమెట్లు, పెరడులు, మందిరాలు, మసీదులు, కార్మికుల సభలు, అన్నిటిలోనూ మనుషులే. ఒక్కసారి పోయి వచ్చినవాడికి ఆ చిత్రాలు దొరకవు. పదే పదే పోవాలి, పేరు తెలిసేదాకా పోవాలి.

మూడవ ఆయన డేవిడ్ గోల్డ్‌బ్లాట్. 1930లో రాండ్‌ఫొంటీన్‌లో పుట్టి 2018లో మరణించాడు. జొహానెస్‌బర్గులోని పేజ్‌వ్యూ పేటను మనవాళ్లు ఫీటాస్ అనేవారు. అక్కడ పద్నాలుగవ వీధి మన గ్రే స్ట్రీట్‌లాగే భారతీయుల కొట్లకు పేరుపడింది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఆ పేటను ఖాళీ చేయించి, వ్యాపారులను ఓరియంటల్ ప్లాజాకు పొమ్మన్నారు. 1976 ప్రాంతంలో, కూల్చివేతకు ముందు గోల్డ్‌బ్లాట్ ఆ కొట్లనూ కొట్టువారినీ ఫోటోలు తీశాడు. బట్టల తానుల మధ్య, డబ్బాల మధ్య వ్యాపారి నిలబడి మనవైపు చూస్తుంటాడు. ఇప్పుడు ఆ కొట్లు లేవు. ఆయన చిత్రం కింద రాసే వివరణ ఎంతో నిక్కచ్చిగా ఉంటుంది: ఎవరు, ఎక్కడ, ఏ నాడు.

మన గ్రే స్ట్రీట్ కూడా ఆ చట్టం నీడలో ఏమవుతుందో తెలియక ఏళ్ల తరబడి గడిపింది. రేపు ఉంటామో లేదో తెలియనివాడు గోడకు సున్నం వేయడు. ఈనాడు మనం చూసే పగుళ్లలో కొన్నిటికి మూలం అక్కడే ఉంది. ఫీటాస్ గోడలు పోయినా మనుషుల చిత్రాలు మిగిలాయి. గ్రే స్ట్రీట్ గోడలు నిలిచాయి. మనుషుల చిత్రాలు మాత్రం మన ఇళ్లలోనే పోతున్నాయి.

మేము మార్చుకున్న పద్ధతి

మూడు వారాల తరువాత మేము మళ్లీ ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లాము. ముందుగా సావుబోనా చెప్పాము. ఫోటో తీయవచ్చునా అని అడిగాము. "చాలామంది తీసుకుపోయారు. తిరిగి తెచ్చి ఇచ్చినవాడు ఒక్కడూ లేడు," అన్నది. తెస్తామని మాట ఇచ్చాము. ఎనిమిది గంటలలోపు వెలుగు వసారా కిందికి ఏటవాలుగా వస్తుందని అప్పటికి నేర్చుకున్నాము. ఆమె కొంగు సర్దుకుని, కుప్పలు సరిచేసి కూర్చున్నది. గోడ కొంచెం తెల్లబారింది, సంవత్సరం మసకగా కనిపించింది. ఆమె ముఖం స్పష్టంగా వచ్చింది.

ప్రింటు తీసుకుపోయి ఇచ్చిన రోజున ఆమె దాన్ని పట్టుకుని చాలాసేపు చూసింది. వెనుక తన పేరు రాయమన్నది, మనవరాలికి ఇస్తానన్నది. పేరు ఆమె చెప్పినట్లే అక్షరం అక్షరం రాశాము. అది ఆమె కుటుంబం కోసం చెప్పిన పేరు కనుక ఇక్కడ అచ్చు వేయడం లేదు. వచ్చేటప్పుడు నాలుగు చేమదుంపలు కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

పెద్దాయన ఆ రోజు మాతో రాలేదు. కాని తరువాతి ఆదివారం ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో వాళ్ల కుటుంబం ఫోటోలు ఉన్నాయి. పెళ్లిళ్లు, స్టూడియోలో తెర ముందు తీయించుకున్నవి, రామభజన రోజు తీసినవి. అరవైకి పైగా ఉన్నాయి. ఆయన గుర్తుపట్టినవి ఇరవై రెండు. మిగిలినవారు ఎవరో చెప్పగలిగిన ఆఖరి మనిషి, ఆయన అక్క, అంతకు నాలుగు నెలల ముందే పోయింది. "అడుగుదాం అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు. ఆయన ఇప్పటికీ పిట్టగోడలే తీస్తాడు. మా అందరిలో ఆ పని ఆయనకే బాగా వచ్చు, అదీ అవసరమే. అయితే ఇప్పుడు ప్రతి గోడ ఫోటోకు పక్కన, ఆ గోడ కింద ఎవరున్నారో కూడా నోటుబుక్కులో రాస్తున్నాడు.

మా పద్ధతి ఇప్పుడు ఇది. ఒకటి, అడగకుండా ముఖం తీయము. రెండు, తీసినవారికి ప్రింటు ఇస్తాము. మూడు, ప్రతి ప్రింటు వెనుక తేదీ, వేళ, వీధి పాత పేరూ కొత్త పేరూ, ఎదుటి మూల ఏది అన్నది, మనిషి ఒప్పుకుంటే పేరు, మెత్తని పెన్సిలుతో రాస్తాము. నాలుగు, ఒక వాక్యం తెలుగులో రాస్తాము. పిల్లలకు అదే అభ్యాసం. అయిదు, ఫోటోలు ఫోనులోనే ఉంచము. మాలో ఒకరి ఫోను దొంగిలించబడి రెండు నెలల పని పోయాక ఈ నియమం వచ్చింది. రెండు ప్రింట్లు తీసి రెండు ఇళ్లలో ఉంచుతున్నాము.

మన పూర్వీకులు ఓడ ఎక్కినప్పుడు గుమాస్తా వారి పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, ఊరు, కులం, ఒంటిమీది గుర్తులు రాసుకుని ఒక నంబరు ఇచ్చాడు. ఎడమ బుగ్గమీద మచ్చ, కుడి మోకాలిమీద గాయం. అది వారిని పట్టుకోవడానికి రాసిన వివరం, గుర్తుంచుకోవడానికి రాసినది కాదు. అయినా ఈనాడు ఊరు వెతుక్కునేవారికి అదే ఆధారం. పరాయి గుమాస్తా తన అవసరం కోసం రాసినపాటి వివరమైనా మనం మనవారి ఫోటోల వెనుక రాయకపోతే, ఆ తప్పు ఎవరిదని చెప్పాలి?

1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడినప్పటినుంచి ఈ దేశంలో మన పెద్దలు భాషకోసం ఎంతో పాటుపడ్డారు. ఆ భాష చేసిపెట్టగల ఒక చిన్న పని ఇది. ఈ సంచిక చదివిన వారంలోనే మీ ఇంట్లోని పాత డబ్బా తెరవండి. ఇంట్లో అందరికంటె పెద్దవారి పక్కన కూర్చుని, ఒక్కొక్క ఫోటో చూపించి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. చెప్పింది చెప్పినట్లు వెనుక రాయండి. విక్టోరియా స్ట్రీట్ వసారా కింద గంపతో కూర్చున్న ఒక తెలుగు అవ్వ ఫోటో మీ డబ్బాలో ఉంటే దయచేసి మాకు ఒక్కసారి చూపించండి. ఆమె మా అవ్వ కాకపోయినా ఫరవాలేదు.